తలుపు మీద ఎర్ర గుర్తు

తుపాను తీరం దాటిన మర్నాడు ఉదయం ఏడున్నరకు మా సైనిక దళం కళింగపట్నం పక్కనున్న ఒక మత్స్యకారుల పేటలో దిగింది. ఇరవై ఇద్దరం. రెండు రబ్బరు పడవలు, తాళ్లు, రెండు వైర్‌లెస్ సెట్లు, ఒక డబ్బా ఎర్ర రంగు. గాలి తగ్గింది, వాన తగ్గలేదు. అప్పుడు నా హోదా నాయక్. సొంతూరు గరివిడి. దళంలో తెలుగొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని మాట్లాడే పనంతా నా నెత్తిన పడింది.

మా పై అధికారి సుబేదారు ఆర్డరు రెండే ముక్కలు: ప్రతి ఇల్లూ వెతకాలి, గుర్తు పెట్టాలి. లోపలికి వెళ్తూ తలుపు మీద ఒక గీత, బయటికొస్తూ దానికి అడ్డంగా ఇంకో గీత. ఆ ఇంటూ గుర్తుకు మా లెక్కలో అర్థం ఒకటే: చూశాం, లోపల ఎవరూ లేరు. జనం అప్పటికే కిలోమీటరు దూరంలో హైస్కూల్లో తలదాచుకున్నారు. పదకొండింటికల్లా పద్దెనిమిది తలుపులూ గీసేశాను. పని చక్కగా అయిందని సంబరపడ్డాను కూడా.

ఒంటిగంట నలభైకి రేడియో ఆపరేటర్ కేకేశాడు. "వంశధారలో ఎగువ నుంచి వరద. మూడున్నరకి పేటలోకి వస్తుంది. ఎవరినీ ఉండనివ్వొద్దు!"

ఎవరూ లేరనబోయాను. తీరా చూస్తే ఆడవాళ్లంతా బడి నుంచి వెనక్కి వచ్చేసి ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చున్నారు. మొదటి గుమ్మంలో పోలమ్మ. అరవై దాటిన మనిషి, చేపలెండబెట్టి అమ్ముకుంటుంది.

"అమ్మా, వరదొస్తంది, లెగు."

"నానొల్ల బాబూ. నానిటు లెగిస్తే మీరటు ఇల్లు పడగొట్టేత్తారు."

"పడగొట్టడమేటి? ఎవులు సెప్పినారు?"

"ఒకలు సెప్పాలేటి? నువ్వే గీసినావు గదా!" నా గుర్తు చూపించింది. "పోయినేడు రోడ్డుకని కొలతలేసినోలు ఇదే ఎర్ర గుర్తెట్టినారు. వారం తిరక్కుండా మిసను వొచ్చినాది. మా సెల్లి ఇల్లు పోనాది."

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, నా మీద. ఈ గాలి పీల్చి పెరిగినవాణ్ణి, ఒక్కరితో ఒక్క మాట చెప్పకుండా పద్దెనిమిది ఇళ్లకు భయం పూసి వచ్చాను.

సంగతి రేడియోలో చెప్పాను. అటునుంచి సుబేదారు గొంతు: "ఎత్తుకొచ్చి పడవలో పడెయ్."

"సర్, తప్పు నాది. నేనే దిద్దుతాను. టైమివ్వండి."

"పావుగంట."

చూరు కింద తలుపు ఇంకా పొడిగానే ఉంది. కుంచె తీసి గుర్తు కింద పెద్దక్షరాలతో రాశాను: ఈ ఇల్లు పోలమ్మది. పైకి చదివాను. ఆమె ఇంకోసారి చదవమంది, చదివాను. అప్పుడు లేచింది. ఇక పేటంతా నన్ను పిలవడమే. "బాబూ, మాదీ రాయి!" సుబేదారు తిట్లు తిడుతూనే ఉన్నాడు, నేను రాస్తూనే ఉన్నాను. రెండూ నలభైకి అందరినీ బడి దారి పట్టించి లెక్క చూసుకుంటే పోలమ్మ లేదు.

వెనక్కి పరిగెత్తాను. తలుపు ఊడదీసి నెత్తికెత్తుకుంటోంది.

"తలుపెందుకమ్మా, ఒగ్గీ!"

"బాగున్నాది! ఇల్లు నాదని మిలట్రీవోలు రాసిచ్చినారు. కాయితం ఒగ్గీసి ఎలాగొస్తాను?"

నా రాత ఏ ఆఫీసులోనూ చెల్లదని చెప్పడానికి నోరు రాలేదు. పట్టుకుంటానంటే ఇవ్వలేదు. మేం బడికి చేరాక, మూడూ ఇరవైకి పేటలోకి నీళ్లు వచ్చేశాయి.

ఆరో రోజు ఆమదాలవలసలో రైలెక్కాం. అప్పటికి పేటలో గుంజలే మిగిలాయి. ఇప్పుడు రిటైరై గరివిడిలో ఉంటున్నాను. పోలమ్మ స్థలానికి అసలైన కాగితం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. వచ్చేదాకా తిరుగుతాను.

ఎందుకింత పట్టుదలని మా ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆ రోజు బడి వరండాలో పోలమ్మ తలుపు దించింది. అక్షరాలు వానకు తడవకూడదని రాసినవైపు కిందికి తిప్పి మోసుకొచ్చింది. పచ్చి రంగంతా ఆమె నెరిసిన జుట్టుకు అంటుకుంది. తలుపు మీద ఎర్రటి మరక తప్ప ఏమీ లేదు. ఆమెకు చదువు రాదు.

"సూడు బాబూ, నా పేరు ఉన్నాదా?"

"ఉన్నాదమ్మా" అన్నాను.