చువ్వ దిగిన చోటు

పోయిన మంగళవారం నేను మూడో తరగతికి ఎక్కాలు చెప్తుండగా షామియానా అంగడి నుంచి ఫోను వచ్చింది. మామ పోయినాడని చెప్పారు. పొద్దున అంగడి తలుపు తీసి, కుర్చీలో కూర్చుని, టీ చెప్పి, టీ వచ్చేలోపే పోయాడట. ఫోను జేబులో పెట్టుకుని నేను ముందు చూసింది బడి మైదానం వైపు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఆండర్సన్‌పేటలో మా ఇంటి వెనక వీధి. ఊరంతా షామియానా మామ అనేది, నేనూ అదే అన్నాను. లక్కూరు వైపు రాగులు పండించుకునే ఇంట్లో పుట్టి, చిన్న వయసులోనే మిలిటరీలో చేరాడు. శ్రీలంకలో ఆ దేశంవాళ్ళు వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటున్న కాలంలో మన సైన్యంతో పాటు అక్కడికి వెళ్ళాడు. తిరిగి వచ్చాక కొన్నేళ్ళు సేద్యం చేశాడు. బంగారు గనులు మూసేసి, మా ఊరి జనం తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పనులకు పోవడం మొదలుపెట్టిన రోజుల్లో ఆయన పెట్టే బేడా తీసుకుని ఇక్కడికి వచ్చి అంగడి పెట్టాడు. అందరూ పోతున్న ఊరికి నువ్వెందుకు వచ్చావు మామా అని ఒకసారి అడిగాను.

"గనులు మూసినారని పెండ్లిండ్లు మానేస్తారా అప్పా? సావులు మానేస్తారా? చర్చిలో పండగ మానేస్తారా? మనిషన్నోడికి నీడ కావల్ల గదా" అన్నాడు.

వేరే అంగళ్ళవాళ్ళు వచ్చీ రాగానే పందిరి తాళ్ళు కట్టే గూటాలు నేలకు ఆనించి సమ్మెటతో కొట్టేస్తారు. మామ అలా కాదు. మూరెడు పొడవున్న సన్నటి ఇనుప చువ్వ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని ఏటవాలుగా, మెల్లిగా నేలలోకి దింపి చూసేవాడు. జానెడు దూరానికి ఒక పోటు. పందిరి వేసే చోటంతా అలా చూశాకే పనివాళ్ళు గూటం ముట్టాలి. పెళ్ళివాళ్ళు విసుక్కునేవాళ్ళు.

"ఏం మామా, బంగారం ఎతుకుతా ఉండావా? దొరికితే సగం మాకు."

"దొరికితే మొత్తం మీకే. ఈ చువ్వ కూడా మీకే" అనేవాడు, తల ఎత్తకుండా.

ఇంకో అలవాటు, ఎవర్నీ దూరం నుంచి పిలిచేవాడు కాదు. పనివాడు వీధి చివర ఉన్నా తనే నడిచి వెళ్ళి చెప్పేవాడు. ఇంట్లో కూడా అంతే. "పెండ్లయి ముప్పై ఏండ్లాయ. ఒక్క దినం నన్ను ఇట్లా రా అనలేదు ఈ మనిషి" అని ఆయన భార్య, మాకు అత్త, నవ్వుతూనే ఫిర్యాదు చేసేది. నేను దాన్ని మర్యాద అనుకున్నాను.

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉన్న ఏడు బడి వార్షికోత్సవానికి పందిరి ఏర్పాటు నా మీద పడింది. మా బడి పాత గని స్థలానికి ఆనుకుని ఉంటుంది. కంచె అవతల గనిలోంచి తోడిపోసిన మట్టి గుట్టలు. మా నాన్న పనిచేసిన కాలంలో కింద రాయి పగిలితే మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. ఇప్పుడు చప్పుడు లేదు. కింద నీళ్ళు నిండాయంటారు. ఏ సొరంగం ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిన పాత పనివాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. ఈ సంగతి మేం మాట్లాడుకోం. ఆ నేల మీదే మా ఇళ్ళు, ఆ నేల మీదే బడి.

ముందురోజు మధ్యాహ్నం మామ వచ్చి మైదానం చూడటం మొదలుపెట్టాడు. వేదిక ముందు, పిల్లలు కూర్చోవలసిన చోట, ఒత్తకుండానే చువ్వ పిడి దాకా దిగిపోయింది. జానెడు పక్కన పెట్టి చూశాడు. అక్కడా దిగింది. నేను అటు అడుగు వేయబోతే అరచెయ్యి చూపి ఆపాడు. తర్వాత లేచి, తాను వేసిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి నడిచి నేనూ హెడ్మాస్టరూ నిలబడిన చోటికి వచ్చాడు. మెడంతా చెమట.

"ఈడ పిల్లోళ్ళను కూసోబెట్టొద్దు మేష్ట్రూ. కింద ఖాళీగా ఉండాది."

"ఎలక బొక్క అయ్యుంటాది మామా" అన్నాడు హెడ్మాస్టరు. "రేపు పెద్దోళ్ళు వస్తా ఉండారు. ఇంగ ఇప్పుడు యాడికి మార్చేది?"

"ఎలక బొక్కే అయితే మంచిదే సార్. నేనైతే ఈడ గూటం కొట్టను."

సామాను మళ్ళీ బండికెక్కించుకుని వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరు వేరే అంగడివాళ్ళను పిలిపించాడు. వాళ్ళు అరగంటలో పందిరి వేశారు. నేను ఏమీ అనలేదు. ఉద్యోగం కొత్త. ఇంట్లో కూడా ఏమీ చెప్పలేదు. మా అమ్మాయి నాట్యంలో ఉంది, పట్టులంగా ఇస్త్రీ చేయించుకుని సంబరంగా ఉంది.

మర్నాడు ఎవరూ పిలవకుండానే మామ వచ్చాడు. అంగడి నుంచి ఆరు కుర్చీలు తెచ్చి చువ్వ దిగిన చోటు చుట్టూ వేసి, వాటికి తాడు కట్టి, ఒక కుర్చీలో తాను కూర్చున్నాడు.

"ఏంది మామా ఇది, నడిమధ్యలో?" అన్నాడు హెడ్మాస్టరు.

"మీ పందిరి నేను ముట్టలేదు సార్. కుర్చీలు నావి."

పిల్లలు ఆ తాడుకు అటూ ఇటూ సర్దుకుని కూర్చున్నారు. మూడు గంటలు మామ లేవలేదు, వేదిక వైపు చూడలేదు. ఆయన కళ్ళు నేల మీదే ఉన్నాయి. నేను మైకు దగ్గర నిలబడి ఆయన్నే చూస్తున్నాను.

నాట్యం అయిపోగానే మా అమ్మాయి మెట్లు దిగి, తాడు అవతల మామను చూసి, తాతా అంటూ నేరుగా ఆయన వైపు పరుగెత్తింది. తాడు కిందుగా దూరబోయింది.

"ఆగు."

ఆయన అంత గట్టిగా అరవగలడని నాకు తెలియదు. మైకులో పాట ఆపేశారు. మా అమ్మాయి ఒక కాలు తాడు లోపల పెట్టి అలాగే నిలబడిపోయింది. మామ ఆమెను రమ్మనలేదు, పొమ్మనలేదు. కుర్చీల వెనకగా చుట్టూ నడిచి వచ్చి, రెండు చేతులతో ఎత్తుకుని తెచ్చి నాకిచ్చాడు. పాట ఆగినా అమ్మాయి కాలి గజ్జెలు మోగుతూనే ఉన్నాయి.

జనం వెళ్ళాక కుర్చీలు మోసుకుపోతూ చెప్పాడు. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

"ఆడ తాటితోపులో నేలకింద బాంబులు పాతిపెట్టినారు. ముందు పోయినోడి అడుగులో అడుగు పెట్టి నడిచేది అప్పా. నేను దాటినాను. కూసోని బీడీ తీసినాను. అగ్గిపెట్టె నా ఎనకొచ్చేవాని కాడ ఉండె. ఇటు రారా అని పిలిచినాను. వాడు అడ్డంగా వచ్చినాడు."

నేను ఆయన చేతిలోంచి రెండు కుర్చీలు అందుకుని అంగడి దాకా మోశాను.

మైదానంలో ఆ చోటు ఆ రోజు కుంగలేదు. ఇప్పటిదాకా కుంగలేదు. హెడ్మాస్టరు రిటైరయ్యేదాకా ఆ మాట ఎత్తి నవ్వేవాడు. మామ మాత్రం "ఇంకా కుంగలేదు" అనేవాడు, అంతే. మరుసటి ఏడు నుంచి నేను వార్షికోత్సవం వరండాలో పెట్టించాను. అటు పోతే ముళ్ళున్నాయని పిల్లలకు చెప్పాను. ఆ పిల్లలు తర్వాతి పిల్లలకు చెప్పుకున్నారు.

ఆయన ఇంటి ముందు ఆయన అంగడి పందిరే వేశారు. పనివాళ్ళు సమ్మెట ఎత్తబోతే అత్త లోపలి నుంచి వచ్చి, ముందు చువ్వ పెట్టి చూడమంది. చూశారు. నేల గట్టిగా ఉంది. మాలూరు ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మా అమ్మాయి కూడా వచ్చింది. "నాకు ఆ కేకే గుర్తుంది నాన్నా" అంది.

బుధవారం బడికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. మైదానంలో బండి చక్రమంత మేర గడ్డి గుండ్రంగా, ఎవరూ తొక్కక ఏపుగా పెరిగి ఉంది. కాలిబాట దాని దాకా వచ్చి, అక్కడ వంగి, దాటాక మళ్ళీ నేరుగా పోతుంది. అవతల నిలబడి ఒక పిల్ల తన స్నేహితురాలిని పిలిచింది.

"ఇటు రావే."

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. ఇవతలి పిల్ల పరుగెత్తింది. గడ్డి దాకా వచ్చి, అటు చూడనైనా చూడకుండా, బాట వంగిన చోట తానూ వంగి చుట్టూ పోయింది.