చింతపండుతో తోమిన జీపు

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు. చేతిలో కొత్త ఫోను, ఫోనులో వీడియోలు, బుర్రలో బోలెడంత ఖాళీ. ఏ పనైనా సగం వీడియో చూసేసరికే వచ్చేసేది (మిగతా సగం నాలాంటి మేధావుల కోసం కాదనుకునేవాణ్ణి). డిగ్రీ అయ్యాక ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ మా ఊరు బోగోలు దాకా వస్తుందని కొన్నాళ్ళు ఎదురుచూశాను. అది దారి తప్పిందని తెలిశాక మా పెదనాన్న పాత జీపు మీద కన్నేశాను. దాన్ని బాడుగకు తిప్పుకుని బతకాలని నా ఆశ. ఆయనేమో పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేద్దామనుకుంటున్నాడు. సముద్రపు ఉప్పుగాలికి వైర్ల కొసలన్నీ పచ్చగా చిలుము పట్టి, తాళం తిప్పితే ఆ జీపు పలికేది కాదు. వీధిలోవాళ్ళు తోస్తేనే కదిలేది. మా వీధి మగవాళ్ళు అంత దిట్టంగా ఉండడానికి కారణం అదే.

బతిమాలగా బతిమాలగా పెదనాన్న ఒక షరతు పెట్టాడు. “ఆదివారం సంగం ఊళ్ళో చర్చి వార్షికోత్సవముంది. తొయ్యకుండా పొయ్యి, తొయ్యకుండా వచ్చినామంటే బండి నీది. యాడన్నా ఒక్క తోపు పడిందా, సోమవారం పాత ఇనుమే,” అన్నాడు.

శనివారం బానెట్ ఎత్తాను. వీడియోలో ఒకాయన ఏదో డబ్బాతో తుస్సుమని కొట్టి, గుడ్డతో తుడిచేశాడు. ఆ డబ్బా నా దగ్గర లేదు. పెద్దమ్మ దగ్గర చింతపండు, ఉప్పు ఉన్నాయి. క్రిస్మస్‌కు ముందు మా ఇంట్లో ఇత్తడి సామానంతా వాటితోనే తళతళలాడేది. “ఇత్తడి యాడున్నా ఇత్తడే గదా అబ్బయా,” అంటూ ఆవిడ కూడా పీట వేసుకుని కూర్చుంది. బ్యాటరీ విప్పి పక్కన పెట్టి (ఆ మాత్రం వీడియో చూశాను లెండి), వైర్ల కొసలు, ఫ్యూజుల పెట్టె, హారన్ బొత్తాం, అన్నీ బిందెల్లాగా తోమి, చెంబులతో నీళ్ళు పోసి కడిగి ఎండబెట్టాం. సందుల్లో నిలిచిన ఉప్పునీళ్ళ సంగతి చూసే తీరిక మేధావులకు ఉండదు. బ్యాటరీ బిగించి తాళం తిప్పగానే జీపు లేచి కూర్చుంది. నేనిక నేల మీద నడవలేదు.

ఆదివారం సంగం దాకా దర్జాగా వెళ్ళాం. చర్చిలో పాస్టరయ్య అందర్నీ కళ్ళు మూసుకుని మౌనంగా ప్రార్థించమన్నారు. ఆ నిశ్శబ్దంలో, తాళం నా జేబులో ఉండగానే, బయట మా జీపు హారన్ దానంతటదే మోగడం మొదలుపెట్టింది. మొదలుపెట్టి ఆగలేదు. ముందు వరసలో ఒక అవ్వ రెండు చేతులూ పైకెత్తి, “వచ్చేసినావా తండ్రీ,” అంది. పాస్టరయ్య ఒక కన్ను తెరిచి చూసి, వచ్చింది మేమేనని పోల్చుకున్నారు.

పరుగెత్తి బ్యాటరీ వైరు పీకితే ఆగింది. తగిలిస్తే మళ్ళీ మోత. తగిలించకపోతే బండిని తోయాలి, తోస్తే షరతు గంగలో కలుస్తుంది. హారన్ ఒక్కదాన్నే ఆపడం ఎలాగో ఆ వీడియో రెండో సగంలో చెప్పే ఉంటారు. “పదరా, ఇట్నే పోదాం,” అన్నాడు పెదనాన్న.

అలా సంగం నుంచి బోగోలు దాకా ఊళ్ళన్నిటికీ మా రాక తెలియజేస్తూ వచ్చాం. లారీలు దారిచ్చాయి, గేదెలు పొలాల్లోకి దిగాయి, ఒక పెద్దాయన అంబులెన్సనుకుని దణ్ణం పెట్టాడు. పెద్దమ్మ చెవుల్లో దూది పెట్టుకుని నిద్రపోయింది. పెదనాన్న నా పక్క సీట్లో కూర్చున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇంత గోలయ్యాక ఆయన దాన్ని ఇనుముకే వేస్తాడనుకున్నాను. బండీ పోయింది, బతుకుతెరువూ పోయింది, పరువు సంగం దగ్గరే దిగిపోయింది. వీధంతా బయటికొచ్చి చూస్తుండగా ఇంటి ముందు ఆపి, తల దించుకుని తాళం ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని తిరిగి నా చేతికే ఇచ్చాడు. “తొయ్యలేదు గదరా,” అంటూ బానెట్ ఎత్తి, లోపల ఒక వైరు చటుక్కున లాగాడు. మోత ఆగిపోయింది.

“ఆ వైరు నీకు తెల్సా? సంగంలోనే పీకుండచ్చు గదా పెదనాన్నా,” అన్నాను.

“నా బండి ఇనుముకు పోతా ఉందని వీధంతా చెప్పుకుంటా ఉండారు. ఇంటికొచ్చిందని ఇనపడాల గదా,” అన్నాడు.

ఆ జీపు నాకు చాన్నాళ్ళు అన్నం పెట్టింది. పెదనాన్న ఇప్పుడు లేడు. ఆ దారి పొడవునా సిగ్గుతో చచ్చిపోయిన ఆ మేధావిని తలుచుకుంటే నవ్వొస్తుంది. పక్క సీట్లో మనిషి ఎంత మురిసిపోతున్నాడో ఒక్కసారి తల తిప్పి చూసుకోలేదు, వెధవ.