మడుగులో పోటు ఎన్నింటికి

పోయినవి ముందు రాస్తాను. ఏడు శుక్రవారాలు. ఇరవై మూడు గాలాలు, తొమ్మిది సీసపు గుండ్లు, బురద మింగేసిన ఎడమకాలి చెప్పు. ఎరకి కొన్న రొయ్యలు రెండున్నర కిలోలు. వచ్చిన చేపలు సున్నా.

గల్ఫ్‌లో, ఈ మెసయీద్ పట్టణంలో మా కంపెనీ క్వార్టర్ల వెనక ఒక ఉప్పునీటి మడుగు ఉంది. చుట్టూ కంచె. పాస్ ఉన్నవాళ్ళనే, అదీ శుక్రవారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకానే లోపలికి వదులుతారు. ఒక పాస్ మీద ఇద్దరు వెళ్ళొచ్చు. ఎనిమిది వారాలకు అది చెల్లిపోతుంది, మళ్ళీ జాబితా ఆఖర్న చేరాలి. నా వంతు రావడానికి పదమూడు నెలలు పట్టింది. ఆ సంబరంలో మెస్సులో మాటిచ్చేశాను: పద్నాలుగు మందికీ తలా ఒక షేరీ చేప, పులుసు నా చేత్తో.

నేను స్టోర్‌కీపర్ని. పదో తరగతి తప్పాక లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. స్టోర్లో నా లెక్క తప్పిందని ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. పైగా గోదావరి పాయ పక్కన పెరిగినవాణ్ణి. పోటు రోజుకి రెండు గడియలు, దగ్గరదగ్గర యాభై నిమిషాలు, వెనకబడుతుందని మా వైపు గాలం పట్టిన ప్రతివాడికీ తెలుసు. సముద్రం నిండే వేళ అలా లెక్కగట్టి, దాన్నిబట్టే గాలం వేసేవాణ్ణి. మడుగులో మాత్రం బురదే కనబడేది.

"ఏందన్నా, చేపలకు నీ లెక్కలు తెల్వవా?" అనేవాడు నా పాస్ మీద నాతో వచ్చే రూమ్మేట్. కరీంనగర్ వైపు వాడు, స్కాఫోల్డింగ్ పని. "మెస్సుల అందరు నిన్ను సున్నా సార్ అంటున్నరు. మార్కెట్ల కొనుక్కొద్దాం పా, ఎవనికి తెలుస్తది?"

"నాకు తెలుస్తుంది కదయ్యా."

ఆరో శుక్రవారం ఒక ఇనుప చువ్వకి జానెడుకొకటి చొప్పున ఎర్ర టేపు చుట్టి మడుగు అంచు బురదలో పాతాను. ఆ రోజు సముద్రంలో పోటు ఆరూ నలభై అయిదుకి. ఆ వేళకి ఇక్కడ ఒక్క టేపూ తడవలేదు. తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా మొదటిసారి గాలం కదిలింది. అంతలోనే నేపాలీ కాపలాదారు "టైమ్ ఖతమ్ భాయ్, యల్లా" అని మమ్మల్ని బయటికి పంపేశాడు. కంచె పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. తొమ్మిదీ అయిదుకి ఆఖరి టేపు మునిగింది.

తప్పు అప్పుడు తెలిసింది. నేను లెక్కగట్టింది సముద్రానికి, గాలం వేస్తున్నది మడుగులో. రెంటినీ కలిపే కాలువ సన్నం, పైగా మెలికలు. నీళ్ళు రావడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. మా ఊళ్ళో పాయ వెడల్పు, అంత ఆలస్యం నేనెన్నడూ ఎరగను. ఏడో వారం పోటు మధ్యాహ్నానికి పడింది. ఆ సున్నా ముందే తెలిసిన సున్నా. ఎనిమిదో వారం సముద్రంలో ఆరింటికి, మడుగులో ఎనిమిదీ ఇరవైకి. పాస్‌లో అదే ఆఖరి శుక్రవారం.

ఆ రోజు ఏడున్నరైనా నేను గాలం ముట్టుకోలేదు.

"ఉన్నదే మూడు గంటలు! ఎయ్యవేందే అన్నా?"

"ఎనిమిదీ అయిదు కానివ్వు."

ఎనిమిదీ అయిదుకి వేశాను. ఎనిమిదీ ఏడుకి దారం వేలిని కోసేంత గట్టిగా లాగింది. షేరీ, అరచేయి కంటే పెద్దది. తర్వాత మాకు మాట్లాడుకునే తీరిక దొరకలేదు. ఒకటి విప్పేలోగా ఇంకోటి. "ఆరు! ఏడన్నా, ఏడు!" అని వాడు మడుగంతా వినబడేలా అరిచాడు. కాపలాదారు కూడా గేటొదిలి వచ్చి చూశాడు. తొమ్మిదింటికి బకెట్లో పదకొండు.

మెస్సులోకి బకెట్ తీసుకెళ్ళేసరికి అందరూ బల్లలు చరిచారు. ఆ పూట నుంచి సున్నా సార్ లేడు. ఇప్పుడు పాస్ వచ్చిన ప్రతివాడూ ముందు నా దగ్గరికొచ్చి, "అన్నా, మడుగుల ఎన్నింటికి?" అని అడుగుతాడు. చెబుతాను. ఇంతవరకూ ఎవరూ ఖాళీ బకెట్‌తో తిరిగి రాలేదు.

జాబితాలో నా పేరు ప్రస్తుతం నలభై ఒకటో స్థానంలో ఉంది. ఆ రోజు ముక్క లేని పులుసుతో సరిపెట్టుకున్న ముగ్గురిలో నా రూమ్మేట్ ఒకడు. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా మూడు వేళ్ళు చూపిస్తాడు. నిజమే. పద్నాలుగులో పదకొండు పోగా, నేటికీ బాకీ మూడు చేపలు.