యాదమ్మ మాటకు నా తర్జుమా

ఐదేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఆఫీసులో దాన్ని ఎవరూ అబద్ధం అనరు. పొరపాటు అంటారు, అదీ పాపం, భాష తెలియక జరిగిన పొరపాటట. ఆ "పాపం" అన్న మాటే నన్ను తినేస్తోంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను. నా మీద జాలి పడే ఉద్దేశం ఉంటే మాత్రం చదవడం ఇక్కడే ఆపేయండి.

హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆహార కంపెనీలో నా ఉద్యోగం. మా కోడిమాంసం విదేశాలకు కూడా వెళుతుంది. కోడిపిల్లల్నీ దాణానీ కంపెనీయే ఇస్తుంది, రైతులు తమ షెడ్లలో పెంచి తిరిగి అప్పగిస్తారు. కోళ్లకు గాలి, నీళ్లు, మసలే చోటు ఎంత ఉండాలో చెప్పే నియమాలు మా వెబ్‌సైటులో ఉన్నాయి, పచ్చగడ్డి మీద తిరిగే కోళ్ల బొమ్మలతో సహా. మా షెడ్లలో గడ్డిపరక కూడా ఉండదనుకోండి, అది వేరే సంగతి. ఏదైనా తేడా వస్తే రైతులు ఒక నంబరుకు ఫోన్ చేయాలి. వాళ్లు తెలుగులో చెప్పింది విని ఇంగ్లీషులో రాయడం నా పని. "తీవ్రం" అని రాస్తే డాక్టరూ మెకానిక్కూ అదే రోజు బయలుదేరాలి, ఆ చుట్టుపక్కల షెడ్ల నుంచి కోళ్ల లోడింగు ఆగిపోవాలి. "స్వల్పం" అని రాస్తే ఎవరూ కదలరు.

ఐదేళ్ల కిందటి ఎండాకాలం, షాద్‌నగర్ అవతలి ఊరి నుంచి యాదమ్మ అనే రైతు ఫోన్ చేసింది.

"మేడం, కంపెనీ పెట్టిన ఫ్యాన్లు నిన్నటి సంది తిరుగుతలేవు. కోళ్లు నోళ్లు తెరిచి తండ్లాడుతున్నయి. జర పెద్దసార్లకు చెప్పుర్రి."

"రాసుకున్నానండి."

"నువ్వు రాస్తే వస్తరు గద బిడ్డా?"

"వస్తారండి."

నేను రాసింది ఇది: షెడ్డులో గాలి కొంచెం తక్కువగా ఉంది, కోళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. స్వల్పం.

ఎందుకు రాశాను? ఎవరైనా బెదిరించారా? లేదు. మేనేజరు చెవిలో ఊదాడా? అదీ లేదు. ఆ వారం విదేశీ కొనుగోలుదారులు వస్తున్నారు. వాళ్లు చూసే జాబితాలో ఒక్క తీవ్రమైన ఫిర్యాదూ లేకపోతే టీమ్‌లీడ్ పోస్టు నాకే వస్తుందని నాకు నేనే అనుకున్నాను. వచ్చింది కూడా.

మర్నాడు మధ్యాహ్నానికి షెడ్డులో సగం కోళ్లు చచ్చిపోయాయి. ఊపిరాడక, ఒకదాని మీద ఒకటి పడి. "కోళ్లే కదా, ఎలాగూ కోసేవే" అని క్యాంటీన్‌లో ఒకాయన అన్నాడు. కోసేవే. అయితే? కోసే రోజు దాకా వాటిని ఊపిరి పీల్చుకోనివ్వాలా వద్దా? నేనూ చికెన్ తింటాను. అది మానేసి పుణ్యాత్మురాలిని అయిపోయినట్టు నటించడం నాకు చేతకాదు.

తర్వాత విచారణ జరిగింది. ఆ ఫోన్ రికార్డింగు వేసి నన్ను అడిగారు. తడుముకోకుండా చెప్పాను.

"మాది తెనాలి వైపండీ. తండ్లాడటం అంటే తిరగడం అనుకున్నాను."

గదిలో అందరూ నవ్వారు. ఫ్యాన్లు ఆగిన సంగతి ఎవరూ ఎత్తలేదు, అవి కంపెనీ పెట్టినవి మరి. "రైతు సమస్యను స్పష్టంగా చెప్పలేదు" అని రాసి ఫైలు మూసేశారు. యాదమ్మకు మళ్లీ కోడిపిల్లల్ని ఇవ్వలేదు. ఆమె బతుకుతెరువే ఆ షెడ్డు, అది ఖాళీ అయిపోయింది. నాకేమో తెలంగాణ మాటలు నేర్పే క్లాసు పెట్టించారు. ముందు వరసలో కూర్చుని బుద్ధిగా నోట్సు రాసుకున్నాను. సిగ్గుంటే ఆ రోజే చచ్చిపోవాలి. సమోసా తిని ఇంటికొచ్చాను.

ఇప్పుడు నిజం వినండి. తండ్లాడటం అంటే ప్రాణం కోసం కొట్టుకులాడటం, ఆ మాట నాకు తెలుసు. యాదమ్మ ఫోన్‌కు ఏడాది ముందు, మణికొండలో మా ఇంటి ఓనరమ్మ పొద్దున్నే వచ్చి తలుపు బాదింది. "జర కారు తియ్యవా, మా అమ్మ తండ్లాడుతున్నది!" అంది. నేను అర్థం అడిగానా? తాళాలు తీసుకుని, కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగెత్తాను. దవాఖానలో ఆక్సిజన్ పెట్టేదాకా ఆ ముసలమ్మ చెయ్యి వదల్లేదు. అక్కడ అంత బాగా అర్థమైన మాట, కోళ్ల దగ్గరికి వచ్చేసరికి నాకు రాని భాష అయిపోయింది!

"కంపెనీలన్నీ అంతే, నువ్వేం చేస్తావు" అని ఓదార్చకండి. ఆ ఫోన్ ఎత్తింది కంపెనీ కాదు, నేను. అలాగని వాళ్లను వదిలేది లేదు. విచారణ గదిలో నవ్విన వాళ్లలో ఇద్దరిది పాలమూరు జిల్లా. తండ్లాట అంటే ఏమిటో పుట్టినప్పటి నుంచీ తెలిసిన వాళ్లు. నా అబద్ధం వాళ్లకూ పనికొచ్చింది, అందుకే నవ్వారు.

ఈ పొద్దున నా పేరుతో కంపెనీకి ఉత్తరం పంపాను. నకలు యాదమ్మకు, తెలుగులో. ఉద్యోగం తీసేస్తారా? తీసేయనీ. మళ్లీ విచారణ పెడతారా? పెట్టనీ, ఈసారి నవ్వమనండి చూద్దాం. యాదమ్మ నన్ను క్షమిస్తుందా? అడగను. ఇంటికి వెళితే ముందు మంచినీళ్లిస్తుంది, ఆ నీళ్లు తాగే మొహం నాకు లేదు. కానీ మీతో చెబుతుంటే గుండె కొంచెం తేలికపడింది, ఆ మాట దాచను. ఉత్తరంలో సంజాయిషీ ఏమీ రాయలేదు. ఆమె స్పష్టంగానే చెప్పింది, నాకు స్పష్టంగానే అర్థమైంది, స్వల్పం అని తెలిసే రాశాను అని మాత్రం రాశాను.