సౌదాగర్ ఇంటి తలుపు

మొన్న మా ఏసు గుడిలో ఒక చిన్న వయసు బోధకుడు మైకు పట్టుకొని చెప్పిండు: మనం లోకానికి ఉప్పు, ఉప్పంటే రుచి, మనం పోయిన కాడల్లా లోకం కమ్మగ అయితదని. నాకు కడుపు మండింది. లేచి, "అయ్యా, నువ్వు ఎన్నడన్న పచ్చితోలుకు ఉప్పు పెట్టినవా?" అన్న. ఎనుక నుంచి ఎవడో "కూసో తాతా, బిర్యానీ చల్లారుతది" అన్నడు. అందరు నవ్విండ్రు. నేను కూసున్న. కాని చెప్పేది చెప్పకుండ ఊకోను. బడి మొఖం ఎరుగనోణ్ని, బైబిలు వాక్యం చదువుకుంట అక్షరాలు నేర్చినోణ్ని. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండ్రి.

పోలీసు యాక్షన్ అయి నిజాం రాజ్యం పోయిన ఏడాది ముచ్చట ఇది. మాది బీదర్ నుంచి కమలనగర్ పోయే తోవలో ఒక ఊరు. మా వాడలో పది కొంపలు, ఒక గడ్డి గుడి. మేమంత తోళ్ల వ్యాపారం చేసే సౌదాగర్ కాడ పనిచేసేటోళ్లం. ఆ రోజుల్లో ముసల్మానని సౌదాగర్‌ను ఊరి బయట చంపిండ్రు. ఆయన భార్య బీబమ్మ ఎదిగిన బిడ్డను తీసుకొని పారిపోయింది. ఊరు ఊరంత ఆ ఇంటి మీద పడ్డది. ఊరి పెద్ద పటేల్ బండ్లు కట్టి తోళ్లు, జొన్నలు తోలిచ్చుకున్నడు. ఒకరు గంగాళం, ఒకరు మంచం ఎత్తుకపోయిండ్రు. నేను టేకు తలుపు పీకిన. మా గుడిసెకు తడక తప్ప ఏం లేదు, లోపల నా భార్య బాలింత. గుడిసె వాకిలి పొట్టిది, తలుపు పట్టలే. కింద జానెడు కోసేసి పెట్టిన. ఆ ముక్క పొయ్యిల కాలిపోయింది.

మూడు నెలలకు బీబమ్మ తిరిగొచ్చింది. వాకిలికి దుప్పటి కట్టుకొని ఉన్నది. పగలే పోకిరోళ్లు ఆ దుప్పటి లేపి, లోపలున్న పిల్లను చూసి ఈలలు వేస్తుండ్రు. ఆదివారం దాక చూస్త, తలుపు లేకుంటే బిడ్డను పట్టుకొని ఎటన్న పోత అన్నది. ఆ మాట కోసమే పటేల్ కాసుక కూసున్నడు, ఇల్లు తనదైతదని. చావడిలో అందరికి చెప్పిండు: "ఒక్క సామాను ఎనుకకు పోయినా విచారణ వస్తది. అందరి కొంపలు సోదా చేస్తరు. ఇచ్చినోడికి నా చేన్ల కూలి లేదు."

శనివారం నేను బండ మీద ఎద్దుతోలుకు దొడ్డుప్పు రుద్దుతున్న. మా సంఘపెద్ద, నాకు పెదనాయన వరుస, వచ్చి ఎదురుంగ కూసున్నడు.

"రేపు బీదర్ నుంచి పాదిరి అయ్యగారు వస్తుండు. ప్రభు రొట్టె విరుస్తడు. నువ్వు చెయ్యి చాపకు."

"నేనొక్కణ్నే ఎత్తుకొచ్చిన్నా? పటేల్ బండ్లకు బండ్లు తోలిచ్చుకోలే?"

"పటేల్ మన రొట్టెకు రాడు గదరా." తోలు దిక్కు చూసి, "ఉప్పు ఏ దిక్కు రుద్దుతున్నవ్?" అన్నడు.

"మాంసం దిక్కు."

"వెంట్రుకల దిక్కు ఎందుకు రుద్దవ్?"

"ఆడ మురిగేది ఏమున్నది?"

"మరింక, మురిగే కాడనే గద ఉప్పు," అని లేచి పోయిండు.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పిన. ఆమె అప్పటికే, మళ్లా వాకిలికి కట్టేటందుకు తడక తెచ్చి గోడకు ఆనిచ్చింది. "నువ్వు మొయ్యకుంటే నేనే మోస్త. సంకల పిల్ల, నెత్తిన తలుపు. ఊరంత చూస్తది, నువ్వు మీసాలు దువ్వుకుంట కూసో."

ఆ పొద్దే పెదనాయన ముందు, నేను ఎనుక, తలుపు నెత్తిన పెట్టుకొని చావడి ముందటి నుంచే పోయినం. ఇంకో తోవ లేదు. తలుపు కింద నాకు మనుషులు కనపడలే, కాళ్లే కనపడ్డయి.

"ఏందిరా, తలుపును అత్తగారింటికి తోలుతున్నరా?" పటేల్ గొంతు. నవ్వులు.

"పుట్టినింటికే పటేలా," అన్నడు పెదనాయన.

నవ్వులు ఆగినయి. పటేల్ కిర్రు చెప్పులు దగ్గరికొచ్చినయి. కట్టె కొన నా కాళ్లకు అడ్డం పడ్డది.

"ఇయ్యాల తలుపు. రేపు పోలీసు అమీను ముందట నా పేరు."

"మీ పేరు మమ్ముల ఎవ్వరు అడుగలే. అడిగితే అబద్ధం మాత్రం చెప్పం," అన్నడు పెదనాయన.

నెత్తిన తలుపు కిరకిరమన్నది. ఆ కట్టె ఎంతసేపు అట్లనే ఉన్నదో నాకు తెల్వదు. ఆఖరుకు జరిగింది.

"పోండ్రి. కోతలకు నా గట్టు తొక్కితే చెప్త."

తలుపు బిగించినం. కింద జానెడు సందు. బీబమ్మ వంగి చూసింది.

"మా తలుపు నేలకు ఆనేది."

"నేనే కోసిన బీబమ్మా."

"నీ పెండ్లికి బండి కట్టిచ్చింది నా మొగడు," అన్నది. తిట్టినా బాగుండేది. మళ్లా ఆ సందులో చెయ్యి పెట్టి చూసి, "మనిషి చెయ్యి దూరుతది," అన్నది.

పెదనాయన పోయి, గుడిలోని వేపపలక చంకన పెట్టుకొని వచ్చిండు. రెండు రాళ్ల మీద అది పెడితేనే మాకు రొట్టె విరిచే ప్రభు బల్ల.

"అది రేపటికి కావాలె గద!" అన్న నేను.

"రేపటికి. ఈడ ఇయ్యాలనే కావాలె." మేకులు కొట్టిండు.

బీబమ్మ లోపలికి పోయి తలుపేసుకున్నది. గొలుసు పడ్డ చప్పుడు విన్నం.

తెల్లారి అయ్యగారు గుడిలో రెండు రాళ్లు చూసి, "బల్లేది?" అన్నడు. పెదనాయన చెప్పిండు. అయ్యగారు కండువా తీసి, మేం ఉప్పు రుద్దే బండ మీద పరిచి రొట్టె పెట్టిండు. నేను చేతులు కట్టుకొని నిలబడ్డ. పెదనాయన మోచేత్తో పొడిచిండు. "చాపురా ఇగ."

ఆ ఏడు పటేల్ మా వాడను కోతలకు పిలువలే. కూలికి కమలనగర్ దాక నడిచినం, పస్తులున్నం. ఆ నడుమనే ఒకనాడు బీబమ్మ వాకిట్లో గంగాళం కనపడ్డది. ఇంకోనాడు మంచం. ఎవరు పెట్టిండ్రని ఆమె అడుగలే, ఎవరు చెప్పలే. పటేల్ ఇంటి నుంచి మాత్రం జొన్నగింజ రాలే.

బీబమ్మ ఊరు విడువలే. రెండేండ్లకు బిడ్డ పెండ్లి ఆ ఇంట్లనే చేసింది, మమ్ముల పిలిచింది. నేను గడప కాడ ఆగిన, కాలు లేవలే. ఆమె లోపలి నుంచి చూసి, "వచ్చేటప్పుడు ఆ తలుపు జర దగ్గరికేసి రా," అన్నది.