గంజి పారబోయనివ్వని మేస్త్రి

మా కాలేజీ హాస్టల్ వంట మేస్త్రి పోయాడు. సోమవారం పొద్దున నేను పాఠం చెబుతుంటే అటెండరు గుమ్మంలో నిలబడి ఈ మాట అన్నాడు. విని కూడా, బోర్డు మీద రాస్తున్న వాక్యం చివరిదాకా రాశాను. ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. ముందు రోజు సాయంత్రమే నీళ్ల తొట్టి పొర్లిపోతోందని నా మీద కేకలేసి, వెంటనే "చాయ తాగి పోండ్రి సారూ" అన్న మనిషి. తెల్లారి పొయ్యి ముట్టించి, వంట సాయగాణ్ని మంచినీళ్లు అడిగి, గోడకు ఒరిగాడట. చెంబు తెచ్చేలోపే అయిపోయింది. వారం దాటినా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయనది నారాయణపేట, నేత పనివాళ్ల ఇల్లు. మగ్గం మీద బతుకు సాగక పాలమూరు వచ్చి మా హాస్టల్లో గరిటె పట్టాడు. నేను అక్కడ చదువుకునే రోజుల నుంచీ ఆయనను ఎరుగుదును. ఇప్పుడు అదే హాస్టల్‌కు వార్డెన్ని.

ఆయన వంటింట్లో ఏదీ ఊరికే పోయేది కాదు. గిన్నెలు కడిగిన నీళ్లు సొరపాదుకు, స్నానాల నీళ్లు అరటి చెట్లకు పారేటట్టు తానే కాలువలు తవ్వాడు. మేం తిన్న మోదుగాకు విస్తర్లు పెంటగుంతలో పడి ఎరువయ్యేవి. మాకది వట్టి పిసినారితనంగా కనిపించేది. మేస్త్రి తన నీడను కూడా మడతపెట్టి దాచుకుంటాడని వెనక నవ్వుకునేవాళ్లం.

ఆయన రాకముందు అంతమంది అన్నం వార్చిన గంజిని మోరీలో పోసేవారట. ఆ మోరీ హాస్టల్ వెనక నేతవాళ్ల సందులోకి పారేది. వాళ్లు నూలు పరిచే చోట పులిసిన వాసన, ఈగలు. మేస్త్రి వచ్చిన వారానికే అది మాన్పించి, కుండలు తెచ్చి గంజి తీసుకుపొమ్మని సందులో చెప్పి వచ్చాడు. నూలుకు గంజి పెట్టనిదే మగ్గం ఆడదు కదా. "పారబోసే జాగా అని యాడ లేదు బిడ్డా, అది ఎవలో ఒకల వాకిలే అయితది" అనేవాడు.

నేను మెస్ సెక్రటరీగా ఉన్న ఏడాది వానాకాలంలో ఆయన ఏదో పెండ్లికి నారాయణపేట పోయాడు. అన్నం చప్పగా ఉందని పిల్లలు గొణుగుతుంటే, ఎసట్లో దోసెడు ఉప్పు వెయ్యమని సాయగాడికి చెప్పింది నేనే. గంజి సంగతి నాకు తోచనే లేదు. ఒక నేతాయన ఆ గంజిని పడుగుకు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కే నూలుకు పెట్టాడు. ముసురులో ఉప్పు చెమ్మ పట్టింది. పోగులు ఆరక, ఒకదానికొకటి అంటుకుని తెగిపోయాయి. ఆ ఇంటి నెల తిండి ఆ నూలు మీదే.

తిరిగొచ్చిన మేస్త్రి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సందుకు తీసుకుపోయి, ఉప్పు వేయించింది ఎవరో నా నోటితోనే చెప్పించాడు. నేతాయన నా మొహం కూడా చూడలేదు.

"మీ గంజి మీరే పారబోసుకోండ్రి. మాకొద్దు."

మేస్త్రి చొక్కా విప్పి గోడ మీద వేశాడు. పడుగు మొత్తం నీళ్లలో జాడించి, తెగిన పోగులు ముడేసి, మళ్లీ పరిచి, చప్పటి గంజి పెట్టి కుంచెతో దువ్వాడు. ఒక కొస నాచేత పట్టించాడు. రెండు రోజులు పట్టింది. ఆ చేతులు నేత పని మరిచిపోలేదని అప్పుడే చూశాను. లేచేముందు నేతాయనతో, "ఇగ నా చేతులతోనే ఇస్త. నన్ను నమ్ము" అన్నాడు.

ఆ తర్వాత ఒక్క పొద్దు కూడా పొయ్యి ఇంకొకరికి వదిలి ఊరికి పోలేదు. సొంత చెల్లెలి బిడ్డ పెండ్లికి కూడా పోలేదు. తప్పు నాది, శిక్ష ఆయన అనుభవించాడు. ఈ మాట ఆయనతో అనాలని ఏళ్ల తరబడి అనుకున్నాను. ఎక్కడికి పోతాడులే అని ఊరుకున్నాను. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

మట్టి చేసిన మర్నాడు హాస్టల్లో మళ్లీ వంట మొదలైంది. కొత్తాయన గంజి వార్చి మోరీ వైపు నడుస్తుంటే అరిచి ఆపాను. ఆ నేతాయన భార్య రోజూలాగే కుండతో వచ్చి నిలబడి ఉంది. గంజి కుండలో పోయించి, కాస్త చల్లారాక వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.

"ఉప్పు లేదక్కా" అన్నాను.

ఆమె తల ఊపింది. ఇన్నేళ్లలో మేస్త్రి ఇచ్చిన గంజిని ఒక్కనాడూ రుచి చూడని మనిషి, కుండ ఎత్తుకోబోయి ఆగి, తనూ వేలు ముంచి చూసుకుంది.