ఒంటి షూతో పంజాగుట్ట దాకా

బొంబాయి నుంచి వచ్చాక ఎందుకు కుంటుతున్నావని అడగొద్దంటే వినరు కదా మీరు! సరే, టీ చల్లారేలోపు చెప్పేస్తాను. ఒక్కటే షరతు, మధ్యలో నవ్వకూడదు. ఇదిగో, మొదలే పెట్టలేదు, అప్పుడే నవ్వులు!

మా ఆఫీసు సంగతి మీకు తెలుసు. పంజాగుట్టలో నాలుగో అంతస్తు, నెలలో సగం రోజులు లిఫ్టు రిపేరు. షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. నేను టెస్టర్ని. అంటే ఎవరో కష్టపడి చేసిన దాంట్లో తప్పులు పట్టే ఉద్యోగం. భీమవరంలో మా అమ్మ ఇదే పని జీతం లేకుండా చేస్తుంది.

చేరి ఆరు నెలలైంది, ఇంకా కన్ఫర్మ్ చెయ్యలేదు. ఆ శుక్రవారం మా మేనేజర్ పద్మజ మేడమ్ నన్ను క్యాబిన్‌లోకి పిలిచారు.

"రాధికా, బొంబాయిలో మన సాఫ్ట్‌వేర్ తీసుకోవాలనుకుంటున్న క్లయింట్ ఉన్నారు కదా, వాళ్లకి ఊరంతా షాపులున్నాయి. నాలుగు రోజులు ఒక్కో షాపుకీ వెళ్లి బిల్లులు ఎలా కొడుతున్నారో చూడాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడకే. రాగలవా?"

"వస్తాను మేడమ్!"

"వాళ్లవి చెప్పుల షాపులు. ముందు మన మొహం చూడరు, కాళ్లు చూస్తారు," అంటూ మేడమ్ నా కాళ్లు చూశారు. నేను రెండు కాళ్లూ కుర్చీ కిందికి లాక్కున్నాను. నా చెప్పుల మడమలు అరిగిపోయి అట్టముక్కల్లా ఉన్నాయి. "నీ కన్ఫర్మేషన్ ఈ ట్రిప్ చూశాకే. రేపటికల్లా ఆలోచించి ఫోన్ చెయ్యి."

ఆలోచించడానికేముంది? నాకు కావలసింది షూ. రోజంతా నడిచినా నొప్పి పెట్టకూడదు, చెప్పుల షాపు వాళ్ల ముందు పరువు పోకూడదు. మెత్తగా ఉన్నవన్నీ మా తాతయ్య ఉదయం నడకకి వేసుకునేవాటిలా ఉంటాయి. అందంగా ఉన్నవి వేసుకుంటే రెండడుగులకే ఆటో పిలవాలనిపిస్తుంది. శనివారం పొద్దున్న అమీర్‌పేటలో ఐదు షాపులు తిరిగి, ఆరోదాంట్లో కూలబడ్డాను. సలీం భాయ్ షాపు. గోడ నిండా అద్దాల అరలు, అరకొక షూ.

అక్కడ కనపడింది. నల్లగా, ముందు కొంచెం సన్నగా, వెనక చిన్న హీలు, లోపల స్పాంజి. ఎడమ కాలికి వేసుకుంటే నా కాలి కొలత తీసి కుట్టినట్టుంది!

"దేఖో మేడమ్, గిది కంఫర్ట్ సుత ఉంటది, స్టైల్ సుత ఉంటది," అన్నాడు సలీం భాయ్. "జోడీ పైన గోదాంల ఉంది. ప్యాక్ చేయించాలా?"

మామూలు మనిషైతే చేయించమంటుంది. నేను టెస్టర్ని కదా! షాపులో కార్పెట్ మీద నాలుగడుగులు వేస్తే ఏ షూ అయినా బాగానే ఉంటుంది. అసలు సంగతి రోడ్డు మీద తెలుస్తుంది.

"భాయ్, వేసుకుని బయట ఒక రౌండ్ నడిచొస్తాను."

"రెండూ ఇస్తె మీరు వాపస్ రాకపోతె?"

"అయితే ఈ ఒక్కటే ఇవ్వండి. నా ఎడమ చెప్పు ఇక్కడే పెట్టి వెళ్తాను."

సలీం భాయ్ నా చెప్పుని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది పెట్టుకుని నేనేం చెయ్యాలమ్మా?" అని నిట్టూర్చి, "పోండి. ఒంటి షూ ఎవరు ఎత్తుకపోతరు? జల్ది రండి," అన్నాడు.

ఎడమ కాలికి కొత్త షూ, కుడి కాలికి అరిగిన చెప్పు. ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం. అలా ఊగుతూ బయల్దేరాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు, మనకేంటి? సందు చివరిదాకా నడక, ఓకే. కోచింగ్ సెంటర్ మెట్లు రెండు అంతస్తులు ఎక్కి దిగాను, ఓకే. ఎవరో ఇల్లు కడుతున్న చోట ఇసుక కనపడితే దాని మీద కూడా నడిచాను, ఓకే. జావా క్లాసు కరపత్రాలు పంచే అతను రెండుసార్లు నా చేతిలో కాగితం పెట్టాడు. మూడోసారి మాత్రం నా కాళ్లు చూసి ఇవ్వలేదు.

పరుగు మిగిలింది. సరిగ్గా అప్పుడే స్టాపులోంచి సిటీ బస్సు కదిలింది. నాకు ఎక్కే ఉద్దేశమే లేదు, ఒట్టు! దాని పక్కన పది అడుగులు పరిగెత్తి చూద్దామని, అంతే. ముందు డోర్ దగ్గర నిలబడ్డ ఒక పెద్దావిడ పాపం మంచి మనిషి. "జల్ది బిడ్డా, జల్ది!" అని నా చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నేను లోపలున్నాను.

"నేను ఎక్కట్లేదండీ! టెస్ట్ చేస్తున్నా!"

"టెస్టుకు పోతున్నవా? ఫికర్ చెయ్యకు, టైముకే పోతవ్," అంది ఆవిడ. తర్వాత నా కాళ్లు చూసి, "అయ్యో, తొందరల చెప్పులు సుత సరిగ్గ ఏసుకోలె!" అని పక్కావిణ్ణి లేపి మరీ నాకు సీటిప్పించింది. ఇంత దయ చూపించాక మధ్యలో దిగుతానని ఏం చెప్తాను? టికెట్ తీసుకుని, తల దించుకుని కూర్చున్నాను. తల దించుకుంటే మళ్లీ ఆ కాళ్లే కనపడుతున్నాయి.

పంజాగుట్టలో దిగాను. శనివారం, ఆఫీసు సెలవు, మా ఆఫీసువాళ్లెవరూ ఉండరని ధైర్యం. ఆటో కోసం అటు తిరిగానో లేదో, మందుల షాపులోంచి కవరు పట్టుకుని పద్మజ మేడమ్!

మేడమ్ నా మొహం చూసి నవ్వారు. తర్వాత చూపు కిందికి దిగింది. ఎడమ కాలు. కుడి కాలు. మళ్లీ ఎడమ కాలు. నవ్వు పోయింది.

"రాధికా, ఏంటిది?"

చెప్పు తెగిపోయిందంటే సరిపోయేది. నాకు కంగారులో అబద్ధం నోటికి రాదు, అదొక జబ్బు. "టెస్టింగ్ మేడమ్! బొంబాయి కోసం. నడక, మెట్లు, ఇసుక, పరుగు, బస్సు, అన్నీ పాస్," అన్నాను.

మేడమ్ వంగి ఎడమ కాలి షూని ఇంకోసారి చూశారు. అయిపోయింది, ట్రిప్పూ పోయింది, ఉద్యోగమూ పోయిందనుకున్నాను. నిజంగా ఏడుపొచ్చింది. అంతలో ఆవిడ పగలబడి నవ్వారు.

"కొనేముందు షూని బస్సెక్కించావా? మా ఆయన కారు కొన్నప్పుడు కూడా ఇంత చూడలేదు! టెస్టర్ అంటే ఇలా ఉండాలి. సోమవారం సాయంత్రం రైలు, రెడీగా ఉండు."

ఇంక నా కాళ్లు నేల మీద లేవు, ఎత్తుదీ పల్లానిదీ రెండూనూ. ఆటోలో షాపుకి వచ్చేసరికి సలీం భాయ్ గుమ్మంలోనే ఉన్నాడు, చేతిలో నా చెప్పుతో.

"గంటయింది మేడమ్! మీ చెప్పు పట్టుకుని నిలబడ్డ. సూసినోళ్లు నేను ఎవర్నో కొట్టెతందుకు ఉన్న అనుకుంటున్నరు!"

"సారీ భాయ్, ప్యాక్ చేసెయ్యండి."

"రెండోది సుత జర ఏసి సూడండి."

"ఎందుకు భాయ్? ఎడమది బాగుంటే కుడిది మాత్రం బాగోదా ఏంటి?"

ఇదుగో, ఇక్కడ నవ్వాలి మీరు. ఇప్పుడు నవ్వరేం?

బొంబాయిలో మొదటి రోజు ఐదు షాపులు తిరిగాం. ఎడమ కాలు హాయిగా ఉంది. కుడి కాలు రెండో షాపు దగ్గర మూలగడం మొదలుపెట్టి, నాలుగో షాపు దగ్గర ఏడిచింది. మడమ మీద శనగగింజంత బొబ్బ. "షూ ఎలా ఉంది రాధికా?" అని మేడమ్ అడిగినప్పుడల్లా "సూపర్ మేడమ్" అన్నాను. ఇంకేమంటాను?

రెండో రోజు పొద్దున్న క్లయింటుతో మీటింగ్. డెబ్బై ఏళ్ల సేఠ్‌జీ, ఆ షాపులన్నీ ఆయనవే. మా సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా వద్దా అన్నది ఆ రోజే తేలుస్తారు. మేడమ్ నన్ను గొప్పగా పరిచయం చేశారు. ఒంటి షూ, ఇసుక, బస్సు, మొత్తం కథ హిందీలో చెప్పారు. బల్ల కింద నేను కుడి కాలు షూలోంచి బయటికి తీసి గాలి తగలనిస్తున్నాను.

సేఠ్‌జీ నవ్వలేదు. "ఆ షూ ఒకసారి చూపించమ్మా," అన్నారు. రెండూ తీసి ఇచ్చాను. ఆయన ఒక్కోదాన్నీ బొటనవేలితో అలా నొక్కారు, అంతే.

"ఎడమది అరలో పెట్టింది. ఊళ్లో ఆడవాళ్లందరూ వేసి చూసి దాన్ని మెత్తగా చేశారు. కుడిది డబ్బాలోంచి అప్పుడే తీసింది, చెక్కలా ఉంది. కుడి మడమకి బొబ్బ వచ్చి ఉండాలే?"

అందరూ బల్ల కిందికి వంగి చూశారు. నేను తప్ప.

"మీ సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే సగం చూసి తెచ్చారా?" అన్నారు సేఠ్‌జీ.

మేడమ్ మొహంలో రంగు మారింది. ఆరు నెలల మా అందరి కష్టం నా మడమ వల్ల పోతోంది!

"లేదు సేఠ్‌జీ," అన్నాను, వచ్చీరాని హిందీలో. "సాఫ్ట్‌వేర్‌ని ఇద్దరం చూశాం, నేను వదిలేసింది మా ఆఫీసులో రెండో టెస్టర్ అమ్మాయి పట్టుకుంది. షూ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను."

అప్పుడు నవ్వారాయన, కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా. కింద షాపులోంచి మెత్తటి చెప్పుల జత తెప్పించి నా ముందు పెట్టించారు. మేడమ్ నా వైపు వంగి, "రెండూ వేసి చూడు తల్లీ," అన్నారు. సేఠ్‌జీ మా సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు లెండి.

నిన్న నా కన్ఫర్మేషన్ లెటర్ కూడా వచ్చింది! మేడమ్ క్యాబిన్‌లో నిలబడి అక్షరం అక్షరం మూడుసార్లు చదివి, అడుగున సంతకం పెట్టి తిరిగిచ్చాను. మేడమ్ అందుకోలేదు.

"రెండో పేజీ చదివావా?" అన్నారు.

రెండో పేజీ కూడా ఉందా అన్నాను నేను.